ఎడారిలో మూడు విల్లాలు: కొత్తది బాగుంది సరే, మరి కొనాలా?

 

పోయినసారి జాషువా ట్రీ ఎపిసోడ్ చివర్లో ఒక మాట అని వదిలేశాను, పామ్ డెజర్ట్‌లో మేము దిగిన విల్లా సంగతి ఇంకోసారి చెప్తానని. అంత కష్టపడి రాళ్ళ గురించి, చెట్ల గురించి చెప్తే దాని మీద ఒక్కరూ ఏమీ అడగలేదండీ. అందరూ అడిగింది విల్లా గురించే. "అక్కా, అది టైమ్‌షేరా? మాకూ కొనమని చెప్తున్నారు, కొనచ్చా?" "కొత్తది బాగుందా, పాతవి బాగున్నాయా?" సరే, ఈ వారం మొత్తం అదే.

ముందు మా ఇంటి పరిస్థితి చెప్పాలి, లేకపోతే నేను చెప్పే మంచిచెడ్డలు మీకు అర్థం కావు. మేము ఉండేది అర్వైన్‌లో. డిసెంబరులో అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వస్తారు, ఆర్నెల్లుంటారు. మా మరిది, తోటికోడలు బే ఏరియా నుంచి దిగుతారు. మేం నలుగురం. మొత్తం ఎనిమిది మంది. హోటల్ అంటే మూడు గదులు కావాలి, మూడు పూటలా బయట తిండి. అత్తయ్యగారు మూడో రోజుకే "నాకింత చారన్నం పడెయ్యండమ్మా చాలు" అంటారు. అందుకని వంటగది ఉన్న విల్లాలు వెతుక్కుంటూ ఈ నాలుగేళ్ళలో మూడు చోట్ల దిగాం. మూడూ ఎడారిలోనే, మూడూ వెస్టిన్ పేరుతోనే. ఒకటి ఆరిజోనాలో స్కాట్స్‌డేల్ దగ్గర కీర్లాండ్ విల్లాస్. రెండోది కాలిఫోర్నియాలో రాంచో మిరాజ్‌లో మిషన్ హిల్స్ విల్లాస్. మూడోది, ఈ మూడింట్లో చివర వచ్చింది, పామ్ డెజర్ట్‌లో డెజర్ట్ విల్లో విల్లాస్. ఈ జనవరిలో దిగింది అందులోనే.

అక్కడ ఏమైందంటే, మూడో రోజు సాయంత్రం అన్నదమ్ములిద్దరూ బాల్కనీలో టీ తాగుతూ తీర్మానం చేసేశారు. "చెరి సగం వేసుకుని ఇక్కడ ఒక వారం కొనేద్దాం, అమ్మా నాన్నా వచ్చినప్పుడల్లా అందరం ఇక్కడే." వినటానికి ఎంత బాగుందో చూడండి. మామయ్యగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నేనేం అనాలి చెప్పండి? అనలేదు. ఇంటికొచ్చాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. అందులో తేలింది మీకు చెప్తాను.

ముందు ఊరు. పామ్ డెజర్ట్, రాంచో మిరాజ్ రెండూ కోచెల్లా లోయలో పక్కపక్క ఊళ్ళు. మా ఇంటి నుంచి రెండు గంటలు, ట్రాఫిక్ లేకపోతే. స్కాట్స్‌డేల్ అలా కాదు, అదే ఐ-10 రోడ్డు పట్టుకుని పామ్ డెజర్ట్ నుంచి ఇంకో నాలుగు గంటల పైన వెళ్ళాలి. ఇంకో సంగతి, ఆరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు. ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ ఒకటే టైము, చలికాలంలో వాళ్ళు గంట ముందు. మేము ఫిబ్రవరిలో వెళ్ళి మొదటిరోజే ఒక బుకింగ్ పోగొట్టుకున్నాం, అది మా తప్పే.

ఎండ సంగతి మన వాళ్ళకి చెప్పక్కర్లేదు అనుకుంటాం. పల్నాడులో రెంటచింతల ఎండ చూసినవాళ్ళం కదా. కానీ ఇది వేరు. 2024 జులై 5న పామ్ స్ప్రింగ్స్‌లో 124 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. అంటే 51 సెల్సియస్ పైనే. చెమట పట్టినట్టే తెలీదు, ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు అయిపోతున్నాయని కూడా తెలీదు. పెద్దవాళ్ళని జూన్ నుంచి సెప్టెంబరు దాకా అటు తీసుకెళ్ళకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. అదే జనవరి, ఫిబ్రవరి అయితే పగలు హాయిగా ఉంటుంది, రాత్రి స్వెట్టర్ వేసుకోవాలి. మార్చిలో ఇండియన్ వెల్స్‌లో టెన్నిస్, ఏప్రిల్లో ఇండియోలో కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్. ఆ రోజుల్లో గదులకి గిరాకీ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఈ గిరాకీ సంగతి గుర్తుపెట్టుకోండి, కొనే దగ్గర మళ్ళీ దీనితోనే పని.

ఇప్పుడు విల్లాలు. మూడింటిలోనూ పెద్ద యూనిట్ ఒకే పద్ధతిలో ఉంటుంది. రెండు బెడ్‌రూమ్‌ల ఇల్లు, మధ్యలో తాళం వేసుకునే తలుపు. ఆ తలుపు వేసేస్తే రెండు విడి యూనిట్లు అయిపోతాయి. దీన్నే లాక్-ఆఫ్ అంటారు. పెద్ద భాగంలో పూర్తి వంటగది: పొయ్యి, ఓవెన్, పెద్ద ఫ్రిజ్, డిష్‌వాషర్, ఇంకా వాషర్, డ్రయ్యర్. చిన్న భాగంలో అలా ఉండదు, అక్కడ వంట అంటే వేడి చేసుకోవడం అనుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చవకని చిన్న భాగం ఒక్కటే బుక్ చేసుకుని కుక్కర్ పట్టుకెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. బుక్ చేసేముందు "స్టవ్ ఉందా" అని సూటిగా అడగండి. రైస్ కుక్కర్, పోపుల డబ్బా మేము ఎలాగూ తీసుకెళ్తాం. తాళింపు పెట్టేటప్పుడు ఫ్యాన్ ఆన్ చేసి బాల్కనీ తలుపు తీయండి, లేకపోతే పొగ అలారం మోగి మీ ఇంగువ సంగతి బ్లాకు మొత్తానికీ తెలుస్తుంది.

గదుల విషయంలో కొత్తదానికే నా ఓటు. డెజర్ట్ విల్లోలో హాలు విశాలంగా అనిపించింది, ఎనిమిది మందిమి ఒకేసారి కూర్చుని తిన్నాం. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆవరణ చిన్నది. కారు పెట్టిన చోటు నుంచి గదికి నాలుగు అడుగులు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి. ఆవిడ పొద్దున్నే తనంతట తను బయటికొచ్చి, ఆవరణ చుట్టూ ఒక రౌండ్ వేసి, దారి తప్పకుండా వెనక్కి రాగలిగారు. ఇది మీకు చిన్న విషయంలా ఉండచ్చు. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళు ఎవరినీ అడక్కుండా గుమ్మం దాటడం ఎంత అరుదో పిల్లలుగా మనకి తెలుసు.

చిన్నగా ఎందుకుందంటే దాని పక్కన హోటల్ లేదు. అది విడిగా ఉన్న విల్లాల సముదాయం. పక్కనే డెజర్ట్ విల్లో గోల్ఫ్ రిసార్ట్ ఉంది, అది పామ్ డెజర్ట్ నగరపాలక సంస్థ సొంతం. ఫైర్‌క్లిఫ్, మౌంటెన్ వ్యూ అని రెండు కోర్సులు. ఊరివాళ్ళ ఆస్తి కాబట్టి ఎవరైనా డబ్బు కట్టి ఆడుకోవచ్చు. మా వారికి గోల్ఫ్ పిచ్చి కొత్తగా పట్టింది, అందుకని ఒక మాట చెప్తున్నా: సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ ఎడారి కోర్సులన్నీ చలికాలం గడ్డి విత్తనాలు చల్లడానికి వంతులవారీగా కొన్ని వారాలు మూసేస్తారు. ఆడటం కోసమే వెళ్ళేవాళ్ళు ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

హోటల్ లేకపోవడం వల్ల నష్టం కూడా ఉంది. సాయంత్రం పిల్లలు "ఏం చేద్దాం" అంటే నడిచి వెళ్ళడానికి పెద్దగా ఏమీ లేదు. గోల్ఫ్ క్లబ్‌హౌస్‌లో రెస్టారెంట్ ఉంది. మిగతా దేనికైనా కారు తీయాల్సిందే. ఎల్ పాసియో షాపింగ్ వీధి, లివింగ్ డెజర్ట్ జూ, అన్నీ పామ్ డెజర్ట్‌లోనే ఉన్నాయి కాబట్టి దూరమేం కాదు. కానీ కారు కారే.

మిషన్ హిల్స్ పద్ధతి వేరు. అక్కడ విల్లాల పక్కన పెద్ద వెస్టిన్ హోటల్ ఉంది. ఆ హోటల్ పేరులో ఇప్పుడు మిషన్ హిల్స్ తీసేసి రాంచో మిరాజ్ అని పెట్టారు, జీపీఎస్‌లో కొట్టేటప్పుడు కంగారు పడకండి. పీట్ డై గీసిన కోర్సు ఒకటి, గ్యారీ ప్లేయర్ గీసింది ఒకటి, రెండు గోల్ఫ్ కోర్సులు. అంతా పెద్ద ఆవరణ, పెద్ద తోట. మేము దిగినప్పుడు మా పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళకి అది స్వర్గం. హోటల్ ఈతకొలనులూ అవీ విల్లాల వాళ్ళకి ఎంతవరకు ఇస్తారు, దేనికి విడిగా డబ్బులు అన్నది చెక్-ఇన్ అప్పుడే అడిగి తెలుసుకోండి, అవి ఎప్పటికప్పుడు మారుతుంటాయి. పెద్దవాళ్ళకి మాత్రం ఆ ఆవరణ కొంచెం ఎక్కువే. మామయ్యగారు అక్కడ నడకకి వెళ్తే నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని.

ఇక కీర్లాండ్. ఊరి మధ్యలో ఉన్న ఎడారి అది. పక్కన హోటల్, ఇరవై ఏడు హోల్స్ గోల్ఫ్, ఆ పక్కనే కీర్లాండ్ కామన్స్ అని షాపుల వీధి. నడిచి వెళ్ళి కాఫీ తాగి రావచ్చు. మేము వెళ్ళినప్పుడు సాయంత్రం పొద్దుగూకే వేళ ఒకాయన స్కాట్లాండ్ వాళ్ళ వేషం వేసుకుని బ్యాగ్‌పైప్ ఊదుతూ నడిచాడు. ఆ హోటల్లో అది ఎప్పటినుంచో ఉన్న ఆచారం. మామయ్యగారు "ఇది మన సన్నాయిలా ఉందే" అని ఆయన వెనకే సగం దూరం వెళ్ళారు. ఫీనిక్స్‌కి దక్షిణంగా మారికోపాలో మహా గణపతి గుడి ఉంది, దక్షిణాది పద్ధతి గుడి, ఒక గంట ప్రయాణం. అత్తయ్యగారికి ట్రిప్ మొత్తంలో గుర్తున్నది అదే.

కానీ కొండలు కావాలంటే కోచెల్లా లోయే. పామ్ స్ప్రింగ్స్‌లో ట్రామ్ ఎక్కితే 2,643 అడుగుల నుంచి 8,516 అడుగులకి పది నిమిషాల్లో తీసుకెళ్తుంది, పైకి వెళ్తూ పెట్టె గుండ్రంగా తిరుగుతుంది కూడా. కింద ఈతకొలను, పైన మంచు. గుంటూరు వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి?

సరే, ఇంతవరకూ ఎవరైనా చెప్తారు. గదుల్లో కొత్తది గెలిచింది, పిల్లలకి మిషన్ హిల్స్, ఊరి సందడికి కీర్లాండ్. ఇప్పుడు అసలు సంగతి. ఉండటానికి ఏది బాగుంది అన్నది ఒక ప్రశ్న, కొనటానికి ఏది అన్నది పూర్తిగా ఇంకో ప్రశ్న. మా అన్నదమ్ములు రెండూ కలిపేశారు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ వెస్టిన్ విల్లాల వ్యాపారం మొదట స్టార్‌వుడ్ వాళ్ళది. తర్వాత విస్టానా అని పేరు మారింది. 2016లో ఐఎల్‌జీ అనే కంపెనీలో కలిసింది. 2018లో ఐఎల్‌జీని మారియట్ వెకేషన్స్ వరల్డ్‌వైడ్ కొనేసింది. అందుకని ఈ మూడూ సొంత అక్కచెల్లెళ్ళు. పామ్ డెజర్ట్‌లోనే ఉన్న మారియట్ డెజర్ట్ స్ప్రింగ్స్ విల్లాస్, షాడో రిడ్జ్ అనేవి పెదనాన్న పిల్లలు. అందరూ ఒకే ఇంటి పేరు, కానీ అందరికీ ఒకే ఆస్తి హక్కు లేదు. అదే చెప్పబోతున్నా.

మీరు ఒక చోట వారం కొంటే అది మీ సొంత రిసార్ట్. అక్కడ పన్నెండు నెలల ముందు నుంచి ఎనిమిది నెలల ముందు దాకా సొంతదార్లకే బుకింగ్. ఎనిమిది నెలల గీత దాటాక వేరే చోట కొన్నవాళ్ళు కూడా అక్కడికి రావచ్చు, వాళ్ళకున్న స్టార్ ఆప్షన్లు ఖర్చుపెట్టి. స్టార్ ఆప్షన్లు అంటే ఆ కుటుంబంలో చెల్లే టోకెన్లు అనుకోండి. కీర్లాండ్‌లో ప్లాటినమ్ సీజన్‌లో రెండు బెడ్‌రూమ్‌ల వారానికి 1,48,100 టోకెన్లు. లాక్-ఆఫ్ విడదీస్తే పెద్ద భాగం 81,000, చిన్న భాగం 67,100. వీటితో హవాయిలో మావీ ద్వీపంలో ఉన్న వెస్టిన్ విల్లాలకి కూడా వెళ్ళచ్చు. ఒక వారాన్ని రెండు ట్రిప్పులుగా చేసుకోవచ్చు. అందరికీ నచ్చేది ఇదే.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కంపెనీ దగ్గర నేరుగా కొంటే టోకెన్లు వస్తాయి, ఏ రిసార్ట్ అయినా. కానీ ఎవరో పాత ఓనర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొంటే? అక్కడే తేడా. కొన్ని రిసార్టుల్లో టోకెన్ల హక్కు ఆ వారానికే అంటుకుని ఉంటుంది, చేతులు మారినా వెంట వస్తుంది. ఓనర్లు వాటిని మాండేటరీ అంటారు. మిగతా వాటిలో హక్కు మొదట కొన్నవాళ్ళతోనే ఆగిపోతుంది. వాటిని వాలంటరీ అంటారు. కీర్లాండ్ మాండేటరీ. మిషన్ హిల్స్ వాలంటరీ. మనకి అంత నచ్చిన కొత్తది, డెజర్ట్ విల్లో, అది కూడా వాలంటరీ.

అర్థమైందా? డెజర్ట్ విల్లోలో నేను కంపెనీ దగ్గర కొత్తగా కొన్నాననుకోండి. టోకెన్లు ఉన్నాయి, మావీ వెళ్తాను, బాగానే ఉంది. పదేళ్ళ తర్వాత నాకు అక్కర్లేక అమ్ముతాను. కొనేవాడికి టోకెన్లు వెళ్ళవు. వాడికి దక్కేది పామ్ డెజర్ట్‌లో ఒక వారం, లేదంటే ఇంటర్వల్ లాంటి మార్పిడి సంస్థ ద్వారా వేరే చోటు. మరి వాడు నేను పెట్టిన డబ్బు ఎందుకిస్తాడు? ఇవ్వడు. టైమ్‌షేర్ ఏదైనా సెకండ్ హ్యాండ్‌లో ధర పడిపోతుంది, అందులో ఇలాంటివి ఇంకా కిందకి పడతాయి. గదులు ఎంత కొత్తవైనా ఆ లెక్క మారదు.

దీన్నే తిప్పి చూడండి. మీరు ఏటా పామ్ డెజర్ట్‌కే వెళ్ళేవాళ్ళయితే, మావీ మీకు అక్కర్లేకపోతే, ఈ టోకెన్లు మీకు దేనికి? అప్పుడు డెజర్ట్ విల్లో వారం సెకండ్ హ్యాండ్‌లో కొనడం తెలివైన పనే. గిరాకీ వారాలు అన్నానే, వాటికి సొంతదారుగా పన్నెండు నెలల ముందే బుక్ చేసుకోవచ్చు. సీజన్ ఒక్కటి చూసుకోవాలి, ఎండాకాలం వారం చవకగా వచ్చిందని కొంటే రెంటచింతల కొనుక్కున్నట్టే. టోకెన్లే కావాలి, రకరకాల చోట్లు కావాలి అంటే సెకండ్ హ్యాండ్ కీర్లాండ్ చూడండి, మీరు ఎప్పుడూ కీర్లాండ్ వెళ్ళకపోయినా సరే. మారియట్ 2022లో అబౌండ్ అని అన్నిటినీ కలిపే కొత్త పథకం పెట్టింది. సెకండ్ హ్యాండ్ వాళ్ళకి మామూలుగా అందులో చోటు లేదు, హోటల్ పాయింట్లుగా మార్చుకునే వీలూ ఉండదు. నిబంధనలు మారుతుంటాయి, నేను లాయర్ని కాదు, సంతకానికి ముందు ఆ యూనిట్ కాగితాలు మీరే చదవాలి.

ఇక ఫీజు. ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు. వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాలి, ఎప్పటికీ కట్టాలి, ఏటికేడు పెరుగుతుంది. ఆ రాత్రి నేను వేసిన లెక్క చెప్తాను, అంకెలు లెక్క కోసమే, ఎవరి ధరా కాదు. ఫీజు 2,100 డాలర్లు అనుకోండి. ఏడు రాత్రులకి భాగిస్తే రాత్రికి 300. కొన్న ధర 30,000 అనుకుని పదిహేనేళ్ళకి సర్దితే ఏడాదికి ఇంకో 2,000. మొత్తం 4,100. రాత్రికి 585 దాటింది. అప్పు తీసుకుంటే వడ్డీ దీని మీద. అదే గదిని ఒక ఓనర్ దగ్గర వారానికి అద్దెకి తీసుకుంటే ఎంత పడుతుందో పక్కన రాసి చూడండి. మామూలుగా ఓనర్లు వాళ్ళ ఫీజు వస్తే చాలనుకుంటారు.

ఈ లెక్క మా వారి ముందు పెడితే "నువ్వు మళ్ళీ వేగస్ గుర్తు చేసుకుంటున్నావు" అన్నారు. నిజమే. ఏడేళ్ళ కిందట లాస్ వేగస్‌లో ఒక చోట, ఏ కంపెనీయో చెప్పను, ఇవాళ మాట్లాడుకున్న వాళ్ళు మాత్రం కాదు, షో టికెట్లు ఇస్తామంటే తొంభై నిమిషాలని వెళ్ళి నాలుగు గంటలు కూర్చుని సంతకం పెట్టి వచ్చాం. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. అక్కడ కూర్చోపెట్టినాయన మా పాప పేరు మూడుసార్లు పలికాడు, "ఆమెకి మీరేం మిగులుస్తున్నారు" అని. రాత్రి గదికి వచ్చి హోటల్ కాగితం మీద ఇదే భాగాహారం చేశాను. నిద్ర పట్టలేదు. నెవాడాలో సంతకం చేశాక ఐదు రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు అని కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంది. మూడో రోజు పోస్టాఫీసుకి వెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపాం. డబ్బులు వెనక్కి వచ్చాయి. కాలిఫోర్నియాలో అయితే ఏడు రోజులు, సంతకం రోజు నుంచి గానీ, పబ్లిక్ రిపోర్ట్ అనే పత్రం మీ చేతికి వచ్చిన రోజు నుంచి గానీ, ఏది తర్వాతయితే అప్పటినుంచి. రాతపూర్వకంగా పంపాలి. ఫోన్‌లో చెప్తే లెక్కలోకి రాదు. ఇప్పుడే సంతకం చేసి వచ్చి ఈ వీడియో చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆపేసి ముందు తారీఖు చూసుకోండి.

మా ఇంట్లో ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ బాల్కనీలో తలుచుకోలేదు. అన్నదమ్ములు చెరి సగం అన్నారు కదా. పత్రం మీద ఇద్దరి పేర్లు ఉంటే ఫీజు బాధ్యత ఇద్దరిదీ. రేపు మరిది ఉద్యోగం మారి టెక్సాస్ వెళ్ళాడనుకోండి, రెండేళ్ళు రాలేకపోయాడనుకోండి, ఫీజు మాత్రం వస్తుంది. "నువ్వు వాడుకున్నావు, నేను కట్టాను" అనే మాట ఒక్కసారి నోట్లోంచి వస్తే చాలు. ఊళ్ళో ఉమ్మడి బావి తగాదాలు ఎలా ఉంటాయో మనం చూశాం కదా. ఈ మాట నేను అంటే కోడలు అడ్డుపడిందంటారు. అందుకని నేను అనలేదు, లెక్కల కాగితం మామయ్యగారికి ఇచ్చాను. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. రెండు రోజులు అటూ ఇటూ తిప్పి చూసి, ఆదివారం ఇద్దరు కొడుకుల్నీ పిలిచి, "మేము ఇంకెన్నిసార్లు వస్తామురా, పదిహేనేళ్ళకి లెక్క వేశారు" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్యగారే లేచి కాఫీ పెడతానని వెళ్ళారు.

చివరికి తేల్చింది ఏంటంటే, కొనలేదు. వచ్చే జనవరికి డెజర్ట్ విల్లోలోనే రెండు బెడ్‌రూమ్‌ల యూనిట్ ఒక ఓనర్ దగ్గర అద్దెకి తీసుకున్నాం. అన్నదమ్ములు చెరి సగం వేసుకున్నారు, ఆ వారానికి. అలా తీసుకునేవాళ్ళు రెండు పనులు చేయండి. బుకింగ్ మీ పేరు మీదకి మార్పించుకోండి, తర్వాత మీరే రిసార్ట్‌కి ఫోన్ చేసి ఆ పేరు ఉందో లేదో అడగండి. ఆ తర్వాతే మిగతా డబ్బు కట్టండి. మా మరిది ఇంకా సెకండ్ హ్యాండ్ కీర్లాండ్ ప్రకటనలు చూస్తూనే ఉన్నాడు, వాళ్ళిద్దరికీ మావీ వెళ్ళాలని ఉంది. వాళ్ళకయితే అది సరిపోతుందేమో, నేను కాదనను. కింద గది మాత్రం కావాలని ఇప్పుడే రిసార్ట్‌కి చెప్పి పెట్టాను, అత్తయ్యగారికి మెట్లు వద్దు కదా.

వచ్చేవారం ఇండియో ఖర్జూరం తోటలు, అక్కడ డేట్ షేక్ తాగుతూ తీసిన వీడియో. మీ ప్రశ్నలు పంపండి, ముఖ్యంగా మూడింట్లో ఎక్కడైనా దిగినవాళ్ళు మీరేం చూశారో చెప్పండి. ఉంటానండీ, నమస్తే.